జిప్పు వేయని జాకెట్

దోహాలో దిగింది మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలకు. విమానాశ్రయం తలుపు దాటి బయట అడుగు పెట్టగానే కళ్ళద్దాలు మసకబారాయి. తుడుచుకుని చూస్తే ఎదురుగా తెల్లటి ఆకాశం. నీలం అన్నది లేదు. ఎండ పైనుంచి కాదు, నేలమీంచి వస్తోంది. ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. దారి పొడుగునా క్రేన్లే.

మా ఊళ్ళో అందరూ నేను దుబాయ్ పోయి వచ్చానంటారు. ఖతర్ అని చెప్పీ చెప్పీ నోరు నొచ్చి మానేశాను. మాది జగిత్యాల పక్క పల్లె. ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్ళు చేశాను, సార్జెంటుగా బయటికొచ్చాను. విమానం నడిపానా అని అడగకండి. నడపలేదు. నడిపేవాళ్ళకు బట్టలు తొడిగాను. సేఫ్టీ ఎక్విప్‌మెంట్ సెక్షన్ అంటారు. హెల్మెట్, ఆక్సిజన్ మాస్క్, పారాషూట్, తోలు జాకెట్, అన్నీ మా చేతుల మీదుగానే పైలట్ ఒంటిమీదికి వెళ్తాయి. పెన్షన్ మీద ఇంట్లో కూర్చుంటే మనిషి తుప్పు పడతాడు. అందుకని యాభై ఏళ్ళకు సెక్యూరిటీ గార్డుగా మళ్ళీ డ్యూటీ ఎక్కాను.

కరోనా క్వారంటీన్ అయిపోయాక క్యాంపుకు తెచ్చారు. గదికి ఆరుగురు. ఇచ్చిన కిట్: తెల్ల చొక్కాలు రెండు, నల్ల ప్యాంట్లు రెండు, నేవీ బ్లూ కోటు ఒకటి, తెల్ల నూలు గ్లవ్స్, టార్చి, వాకీటాకీ. ఈ ఎండలో కోటెందుకురా దేవుడా అనుకున్నాను. మర్నాడు పొద్దున బస్సు అల్ రయ్యాన్‌లో ఒక పెద్ద గోడ ముందు ఆగాక తెలిసింది.

గోడ లోపల అర్బాబ్ బంగళా. అర్బాబ్ అంటే యజమాని, అక్కడ అందరూ అనే మాట అదే. ఆయనకు యుద్ధ సామాను పోగుచేసే పిచ్చి. బంగళా వెనక మూడు హాళ్ళు కట్టించాడు. ప్రపంచకప్పు వేళకు లోకమంతా వస్తుంది కదా, పెద్దపెద్ద అతిథులకు చూపించాలని. మొదటి హాల్లో తుపాకులు. మూడో హాల్లో పటాలు, పతకాలు. నాకు పడింది రెండో హాలు. యుద్ధాల్లో ఎగిరిన పైలట్ల తోలు జాకెట్లు. తలలేని బొమ్మలకు తొడిగి వరసగా నిలబెట్టారు. ఒక్కోదాని ముందు నంబరు, పేరు, కథ. తోలు పాడవకుండా హాలు ఎప్పుడూ పద్దెనిమిది డిగ్రీలు. బయట నలభై ఏడు. తలుపు దాటితే ముక్కులోంచి నీళ్ళు కారేవి.

మా సూపర్‌వైజర్ శ్రీకాకుళం మనిషి. ఆర్మీలో హవల్దారుగా చేసి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఆర్డర్లు చెప్పాడు.

“ఇనుకో గురూ. నీ ఫోను గేటు కాడ ఇచ్చీసి రావాల. ఫొటో తీసినోడు అదే బస్సులో క్యాంపుకి, అటునుంచి ఇంటికి. దుమ్ము దులిపినప్పుడు తప్ప బొమ్మల్ని ముట్టుకోకు. దులిపితే గ్లవ్స్ ఎయ్యి. అంతే. నిలబడ్డమే డ్యూటీ.”

“ఇరవై ఏండ్లు అదే చేసిన,” అన్నాను.

“నానూ అంతే,” అన్నాడు. మొదటి రోజే కుదిరింది మాకు.

మూడో రోజు దుమ్ము దులుపుతూ ఉన్నాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. వాకీటాకీ గరగరమంది. కెమెరాల గదిలో కూర్చునే కుర్రాణ్ణి మేం కంట్రోల్ అనేవాళ్ళం. అతనిదీ మా జిల్లానే.

“హాల్ టూ, హాల్ టూ. ఏం జేస్తున్నవ్ అన్నా?”

“దుమ్ము దులుపుతున్న.”

“దుమ్ము దులుపుమంటే జిప్పులన్నీ ఎందుకు గుంజుతున్నవే?”

వెనక్కి తిరిగి చూసుకున్నాను. తొమ్మిది జాకెట్లు బార్లా తెరిచి ఉన్నాయి. నేనే తెరిచాను. నాకు తెలియకుండానే.

ఇది చెప్పాలంటే స్క్వాడ్రన్ సంగతి చెప్పాలి. ఫైటర్ పైలట్ ఎగిరేముందు బిగుతు సూటు వేసుకుంటాడు, దాని మీద పట్టీలు, కట్లు. తోలు జాకెట్‌తో కాక్‌పిట్‌లో ఇమడడు. అందుకని విప్పి మా చేతికిస్తాడు. మేం కొక్కేనికి తగిలిస్తాం. దిగి చెమటతో వచ్చినవాడికి చలిగాలి కొట్టకుండా వెంటనే తొడగాలి కాబట్టి జిప్పు తీసే ఉంచుతాం. పని కోసం పుట్టిన అలవాటు అది. రాను రాను ఆచారమైంది. విమానం గాల్లో ఉండగా జాకెట్ జిప్పు వేయకూడదు. వేస్తే మనిషి రాడు. ఒకసారి కొత్తగా చేరినవాడొకడు నీటుగా ఉంటుందని జిప్పు వేశాడు. మా వారంట్ ఆఫీసర్ వాడి చెంప పేలగొట్టాడు. పైలట్ దిగివచ్చేదాకా ఆ సెక్షన్లో ఎవ్వరం టీ తాగలేదు.

అర్బాబ్ హాల్లో ఉన్న జాకెట్లవాళ్ళు ఏనాడో పోయారు. నాకు తెలియదా? చేతులకు తెలియలేదు.

“సారీ కంట్రోల్. మూసేస్తున్న,” అన్నాను. మూశాను. ఒక్కో జిప్పుకూ ఒంట్లో ఏదో గుచ్చుకున్నట్టయింది.

ఇప్పుడు ఒక పేరు చెప్పాలి. ఫ్లైట్ లెఫ్టినెంట్ పి. మాధవ. ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాకినాడ. ఇరవై ఏడేళ్ళు. ఉత్తరాది కొండల మీద యుద్ధం జరిగిన ఆ వేసవి, మా స్క్వాడ్రన్‌లో తెలుగు మాట్లాడే వాళ్ళం ఆయనా నేనూ ఇద్దరమే. ఆఫీసరు, ఎయిర్‌మన్ అనే తేడా అందరి ముందూ ఉండేది. జాకెట్ చేతికిచ్చేటప్పుడు మాత్రం ఉండేది కాదు.

“మా అక్క పెసరట్టు గురించి నీకు చెప్పానా?” అనేవాడు.

“నిన్న చెప్పిండ్రు సార్. మొన్న గూడ చెప్పిండ్రు.”

ఆ జాకెట్ ఆయనకు ఒక సీనియర్ ఇచ్చిపోయింది. అప్పటికే పాతది, మోచేతుల దగ్గర రంగు పోయింది. జిప్పు లాగే ఇత్తడి నాలుక విరిగితే పారాషూట్ తాడు ముక్క తీసి ముడివేసి ఇచ్చాను. మా సెక్షన్ ముడి కాదు. మా నాయన మగ్గం మీద వేసే ముడి. ఆయన దాన్ని రెండుసార్లు లాగి చూసి, “విమానం ఊడినా ఇది ఊడదు,” అని నవ్వాడు.

ఒక ఉదయం ఐదున్నరకు జాకెట్ ఇచ్చి వెళ్ళాడు. ఇద్దరు వెళ్తే ఒకరే తిరిగొచ్చారు. మంచు వాలు మీద పొగ కనిపించిందన్నారు. పారాషూట్ గొడుగు విచ్చుకోవడం చూడలేదన్నారు. మనిషి దొరకలేదు. జాకెట్ కొక్కేనికి అలాగే ఉంది, జిప్పు తీసి. ఎవరూ ముట్టలేదు. ఒకరోజు స్క్వాడ్రన్ ఆఫీసు చూసే అడ్జుటెంట్ స్వయంగా మా సెక్షన్‌కు వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. “జిప్పు వేసి ప్యాక్ చెయ్యి సార్జెంట్. ఇంటికి పంపాలి,” అన్నాడు. నేనప్పటికి సార్జెంటును కాను. ఆయన చూపు నా మీద లేదు. జిప్పు వేశాను.

సామాను తీసుకుని కాకినాడ వెళ్ళింది కూడా నేనే. తల్లి లేని పిల్లాడు, అక్కే పెంచింది. బడిలో లెక్కలు చెప్పే టీచరు. ట్రంకు పెట్టె తెరిచి, జాకెట్ ఒళ్ళో పెట్టుకుని, మెడదాకా వేసి ఉన్న జిప్పు చూసింది.

“జిప్పు వెయ్యనివ్వరక్కా అని ఉత్తరం రాసేవాడే,” అంది. “మరి ఇదెవరు వేశారు?”

“ఆర్డరొచ్చింది అక్కా.”

ఆవిడ నా ముడి పట్టుకుని కిందిదాకా లాగేసింది. “మనిషి దొరికాడా? లేదు కదా. వాడొచ్చేదాకా ఇది తీసే ఉంటుంది,” అంది. గోడకున్న మేకుకు తగిలించింది. అప్పటినుంచి పండక్కో పబ్బానికో ఫోన్ చేస్తే ఆవిడ ముందు చెప్పే మాట అదే. తీసే ఉంది నాయనా అని.

ఇక ఖతర్. చలికాలంలో హాల్ టూకి కొత్త పెట్టెలు వచ్చాయి. మేనేజర్ దగ్గరుండి తెరిపించాడు. ఈయన హైదరాబాద్ కుర్రాడు, పెద్ద చదువు చదివినవాడు. అర్బాబ్ హాళ్ళన్నీ ఈయన చేతి కిందే. పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు, అల్ ముంతజాలో కాపురం. మంచివాడు. నన్ను అంకుల్ అనేవాడు. మూడో పెట్టెలోంచి ఒక గోధుమరంగు జాకెట్ బయటికి తీసి బొమ్మకు తొడిగారు. నంబరు పదకొండు.

జిప్పుకు నాలుక లేదు. తాడు ముక్క ఉంది. నల్లబడింది. ముడి మాత్రం అలాగే ఉంది.

 గోడకు ఆనుకున్నాను. కాపలా వాడు గోడకు ఆనకూడదు. కంట్రోల్ వెంటనే పిలిచాడు.

“హాల్ టూ, ఓకేనా అన్నా? షుగర్ డౌన్ అయిందా?”

“ఓకే,” అన్నాను. ఏం ఓకే, నా తలకాయ.

అందరూ వెళ్ళాక దగ్గరికెళ్ళి చదివాను. జాకెట్ ఎవరో ఐరోపా వీరుడిదని రాసి ఉంది. ఎనభై ఏళ్ళ కిందటి పెద్ద యుద్ధం. ఎన్నో విమానాలు కూల్చాడట. చివర్న ఇంకో ముక్క. ఆ తాడు ఆయన ప్రాణం కాపాడిన పారాషూట్‌లోదట, ఆ ముడి ఆయన తన చేత్తో వేసుకున్నాడట. మా నాయన మగ్గం ముడి! నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. కెమెరా వైపు వీపు తిప్పుకున్నాను.

శుక్రవారం సెలవు. మెట్రోలో ముషైరిబ్ దాకా వెళ్ళి, జనం తక్కువున్న మూల చూసుకుని అక్కకు ఫోన్ చేశాను. జాకెట్ ఏదక్కా అని అడిగాను.

“అయ్యబాబోయ్, నీకు చెప్పనే లేదు కదూ! మ్యూజియంకి ఇచ్చేశాను నాయనా. ఢిల్లీ నుంచి ఒకాయన వచ్చాడు. విదేశంలో పెద్ద మ్యూజియమట. తమ్ముడి ఫోటో పెడతారట, పేరు రాస్తారట. రూపాయి కూడా పుచ్చుకోలేదు నేను. జిప్పు మాత్రం తీసే ఉంచాలి అని మాట తీసుకున్నాను.”

“ఎందుకిచ్చినవ్ అక్కా?”

“నీటికాసులు నాయనా, రెండు కళ్ళకీ. ఒకటి పోయినట్టే. రెండోది ఎన్నాళ్ళో తెలీదు. నేను పోయాక దాన్ని ఏ పాతబట్టలవాడికో వేసేస్తారు. అక్కడైతే వాడి పేరుంటుంది కదా.”

అప్పుడు నా నోటివెంట వచ్చేసింది. “అక్కా, అది ఖతర్‌ల ఉన్నది. నేను కాపలా ఉండే హాల్లనే ఉన్నది.”

 అవతల ఆవిడ ఏడుస్తూ నవ్వింది. “నువ్వా? నువ్వే కాపలానా? చూశావా, దేవుడు ఎవర్ని పెట్టాలో వాళ్ళనే పెట్టాడు. ఒక్క ఫోటో పంపు నాయనా. జాకెట్, పక్కన వాడి పేరు. ఈ కన్ను ఉండగా చూసుకుంటాను. చాలు నాకు.”

మిగతాది చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ అప్పటికే పక్కవాటా వాళ్ళను కేకేస్తోంది. “ఏవమ్మోయ్, మా తమ్ముడి జాకెట్ ఎక్కడుందో తెలిసింది! ప్రపంచకప్పు ఆడే చోటే!” ఇక నేనేం చెప్పేది?

మర్నాడు మేనేజర్ కోసం వరండాలో నిలబడ్డాను. అంతా చెప్పాను. ముడి చెప్పాను, ఎడమ జేబు లోపల పారాషూట్ దారంతో నేను వేసిన అతుకు కుట్టు చెప్పాను. ఆయన గ్లవ్స్ వేసుకుని లోపలికెళ్ళి జేబు తిరగేసి చూశాడు. బయటికొచ్చి సిగరెట్ వెలిగించాడు. 

“నేను నమ్ముతున్నా అంకుల్. మీరు చెప్పింది నిజమే. నాకు కూడా ముందే డౌటొచ్చింది.”

“అయితే పేరు మార్పియ్యండి సార్.”

“ఎట్లా అంకుల్? అర్బాబ్ స్వయంగా కొన్నారు. మజ్లిస్‌లో కూర్చోబెట్టి వచ్చిన ప్రతి గెస్ట్‌కీ దీని కథే చెప్తున్నారు. ఇప్పుడు నేను పోయి ఇది ఫేక్ అంటే ఆయన పరువేం గావాలి? ఢిల్లీ దళారి చెప్పిన కథ విని కొనమని చెప్పింది నేను. నా వీసా, పిల్లల స్కూలు, అన్నీ ఈ ఒక్క సంతకం మీదున్నయి.”

“ఫేక్ కాదు సార్ అది. అసలుది. పేరే ఫేక్.”

ఆయన మొహం చిన్నబోయింది. కోపం నాకు ఆయన మీద రాలేదు. వస్తే బాగుండేది, కనీసం అరిచి ఉండేవాణ్ణి.

“పోనీ ఒక్క నిమిషం. చీటీ మీద ఆయన పేరు రాసి పెడత. మీ ఫోన్‌తోని ఒక్క ఫొటో తియ్యండి. తర్వాత చింపేస్త. ఆమె కండ్లు పోతున్నయి సార్.”

“కెమెరాల రికార్డింగ్ అర్బాబ్ తమ్ముడు చూస్తడు అంకుల్. వద్దు. ఓపెనింగ్ అయిపోనియ్యండి, తర్వాత ఏదన్నా చూద్దాం.”

తర్వాత ఏదన్నా చూద్దాం అన్న మాట నేను సర్వీసులో చాలాసార్లు విన్నాను. దాని అర్థం నాకు తెలుసు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం ముషైరిబ్‌లో అదే మూల, అదే అబద్ధం. పర్మిషన్ రాలేదక్కా. వస్తది అక్కా. ఆవిడ తొందర పెట్టలేదు. “గవర్నమెంటు పనుల్లాగే ఉంటాయి కాబోలు అక్కడ కూడా,” అనేది. “ఈ వారం సందులో దీపాలు గుండ్రంగా కనపడుతున్నాయి,” అనేది. ఆ పైవారం, “ముగ్గు వేస్తే గీత కనపడలేదు,” అంది. ఇక్కడ దోహా మాత్రం రోజురోజుకూ వెలుగుతోంది. అల్ రయ్యాన్ రోడ్డు మీద జెండాలు, బొమ్మలు, ఎల్‌ఈడీ బల్బులు. బస్సు కిటికీలోంచి స్టేడియం కనిపించేది. ముందు ఇనుప గూడు, తర్వాత గోడలు, తర్వాత రంగులు. అది ఎంత త్వరగా పూర్తవుతుంటే నాకంత గుండె జారిపోయేది. ఆవిడ కన్ను కూడా ఆ లెక్కలోనే పోతోంది కదా.

నేను చేయగలిగింది ఒక్కటే మిగిలింది. దుమ్ము దులిపే వేళ పదకొండో నంబరు జిప్పు కిందికి లాగి వదిలేసేవాణ్ణి. మేనేజర్ చూసీ చూడనట్టు పోయేవాడు. కంట్రోల్‌కు నేనే విషయం చెప్పాను.  మర్నాటి నుంచి నేను జిప్పు తీసే వేళకు వాకీటాకీలో, “హాల్ టూ, ఆల్ ఓకే,” అనేవాడు. అడగకుండానే. సూపర్‌వైజర్ మాత్రం ఒకసారి ఆగి చూశాడు.

“ఏటి గురూ, ఇదొక్కటే ఎప్పుడూ తీసుంటాది?”

చెప్పాను. విన్నాడు. మీసం దువ్వుకున్నాడు.

“పోయినోడి పేరు గోడ మీదుంటే ఏటి, లేకుంటే ఏటి? మా రెజిమెంట్‌లో ఎంతమంది పోనారో ఎవుడికి తెలుసు? ఒగ్గీ. మనసు పాడు సేసుకోకు.” అంటూనే క్యాంటీన్ నుంచి నాకు టీ తెప్పించాడు.

ప్రపంచకప్పు మొదలయ్యే ముందు హాళ్ళు తెరిచే రోజు ఖాయమైంది. ముందురోజు సాయంత్రం నాలుగు. కార్పెట్లు పరిచారు, అత్తరు చల్లారు. అర్బాబ్ ఒకసారి నడిచి చూసి వెళ్ళాడు. ఆయన నిలబడి తల పంకించింది పదకొండు ముందే. పది నిమిషాలకు వాకీటాకీ పలికింది.

“హాల్ టూ, సూపర్‌వైజర్. జాకెట్లన్నీ మెడదాకా జిప్పులెయ్యాలంట. అన్నీ ఒక్కలాగుండాల. అర్బాబ్ ఆర్డర్. కాపీ?”

“కాపీ.” వాకీటాకీ భాషలో అందింది అని.

ఒకటి నుంచి మొదలుపెట్టాను. వేసుకుంటూ వెళ్ళాను. పదకొండు వదిలి పన్నెండుకు వెళ్ళాను. చివరిదాకా పూర్తి చేశాను.

“హాల్ టూ,” అన్నాడు కంట్రోల్. గొంతు తగ్గించి. “అన్నా, అదొక్కటి మిగిలింది. ఇయ్యాల అర్బాబ్ తమ్ముడు నా పక్కనే కూసున్నడు. చూస్తున్నడు.”

వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ముడి పట్టుకున్నాను. ఇదే చెయ్యి. ఒకసారి ఆర్డరిస్తే వేసింది. ఆ వేసిందాన్ని ఆవిడ లాగి తీసింది. మళ్ళీ నేనే వేయాలా? నా బతుకులో నేను ఆర్డరుకు కాదన్నది లేదు. ఆ సాయంత్రం చెయ్యి లేవలేదు.

“హాల్ టూ, నెగటివ్,” అన్నాను.

సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు. బూట్ల చప్పుడు కార్పెట్ మింగేసింది. నన్ను చూశాడు, జాకెట్‌ను చూశాడు.

“గురూ, ఎయ్యి.”

“నాతోని గాదు సార్.”

“నీ ఉద్యోగం పోద్ది.”

“పోనీయ్ సార్.”

“పిచ్చోడివా ఏటి? నువ్వెయ్యకుంటే ఇంకోడు ఎయ్యడా? ఒగ్గీ, తప్పుకో.” నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు. మోటుగా కాదు. నా ముడి పట్టుకుని ఒక్క లాగు లాగాడు. కింద నుంచి మెడదాకా. ర్‌ర్‌ర్ మంటూ. లోపల ఎవరూ లేని కాలరు నిటారుగా మూసుకుంది. రెండు క్షణాల పని. ఇరవై మూడేళ్ళు ఒకావిడ ఆపిన పని.

సూపర్‌వైజర్ నా వైపు చూడకుండా అన్నాడు. “నన్ను తిట్టుకో. పర్లేదు.”

నన్ను ఇంటికి పంపలేదు. ఆ మాత్రం సూపర్‌వైజరే కాపాడాడు. హాల్లోంచి తీసేసి స్టేడియం పార్కింగ్‌కు వేశారు. మా ఊళ్ళో అడుగుతారు, ప్రపంచకప్పు చూసినవా అని. పార్కింగ్ చూసిన అంటాను. చేతిలో ఎర్రలైటు కర్ర, లెఫ్ట్, లెఫ్ట్, యల్లా, యల్లా, పదండి పదండి. లోపల నుంచి అరుపులు వచ్చినప్పుడు ఎవరో గోల్ కొట్టారని తెలిసేది. ఎవరో తెలిసేది కాదు. వేల మంది తమ దేశం జెండా ఒంటికి చుట్టుకుని, ఆటగాడి పేరున్న చొక్కా తొడుక్కుని నా ముందునుంచి పోయేవాళ్ళు. పేర్లు, పేర్లు. ప్రతి వీపు మీదా ఒక పేరు. చూడలేక నేల వైపు చూసేవాణ్ణి.

ఆ నెలలోనే ఒక శుక్రవారం అక్క, “ఇంక ఫోటో వద్దులే నాయనా,” అంది. “పంపినా వేస్టే.”

జనవరిలో కంపెనీ మమ్మల్ని గుంపుగా పంపేసింది. హైదరాబాద్‌లో దిగి, ఊరికి పోయి, నాలుగో రోజే కాకినాడ రైలెక్కాను. మేడమీది వాటా. అక్క తలుపు తడుముకుంటూ తీసింది. నా గొంతు వినగానే మొహం తడిమి చూసింది.

“చిక్కిపోయావు. కూర్చో. పెసరట్టు వెయ్యలేను, పక్కింటమ్మాయి వేసిపెట్టింది.”

గోడకు ఆ మేకు అలాగే ఉంది. దాని చుట్టూ సున్నం జాకెట్ ఆకారంలో తెల్లగా మిగిలింది. ఆవిడకు తెలియదు ఆ సంగతి. నేను చెప్పలేదు.

తిన్నాక మొదలుపెట్టింది. “చెప్పు. ఎక్కడ పెట్టారు?”

“హాల్ నడుమ అక్కా. మంచి లైటు కింద.”

“పేరు?”

“పెద్ద అక్షరాలు. ఫ్లైట్ లెఫ్టినెంట్ పి. మాధవ, కాకినాడ.”

“కాకినాడ అని కూడా వేశారా!” అంది. మొహం ఎంత వెలిగిందో. “జనం వచ్చారా?”

“ఆడనే ఎక్కువసేపు నిలబడేటోళ్ళు.” ఇది నిజం, కంట్రోల్ ఫోన్లో చెప్పాడు. అదే ఇంకా నొప్పి.

“జిప్పు?”

“తీసే ఉన్నది అక్కా. రోజూ నేనే చూసిన.”

ఆవిడ తల ఊపింది. వేళ్ళు చీర అంచు మీద పైకీ కిందికీ కదులుతున్నాయి. 

“ఆ గదిలో చలి అన్నావు కదూ?”

“అవును. ఎప్పుడు పద్దెనిమిదే.”

“అదే ఆలోచిస్తున్నాను ఈ మధ్య. కళ్ళున్నన్నాళ్ళూ గుమ్మం వైపు చూసేదాన్ని. ఇప్పుడు చూసే పని లేదు కదా, కూర్చుని ఆలోచించడమే. మంచులో పడ్డాడు వాడు. అక్కడా చలే. ఇక్కడ నేను గాలి ఆడేట్టు జిప్పు తీసి పెట్టాను. ఇప్పుడు ఆ ఏసీలో.” ఆగింది. “రాడు కదా తమ్ముడూ?”

ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అడగని ప్రశ్న అది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

“రాడు అక్కా.”

“ఊఁ. అయితే జిప్పు వేసెయ్యమని చెప్పు. మెడదాకా. వాడికి చలేస్తుంది.”

“చెప్త అక్కా.”

“చెప్తా కాదు. ఇప్పుడే చెయ్యి ఫోను. నేను వినాలి.”

ఫోన్ తీశాను. కంట్రోల్ ఇంకా అక్కడే ఉన్నాడు. కెమెరాల గది ఫోను మూడోసారి మోగాక ఎత్తాడు.

“అన్నా! మంచిగున్నవా? ఇంటికాడ అందరు మంచిదేనా?”

“కంట్రోల్, హాల్ టూ మాట్లాడుతున్న. పదకొండో నంబర్ జిప్పు వెయ్యాలె.”

“ఏందన్నా? గది ఏసే ఉన్నది గదనే. నువ్వు పోయినకాడికెంచి ఎవ్వలు ముట్టలే.”

“మెడదాకా వెయ్యి. వాళ్ళక్క చెప్పుమన్నది. నా పక్కనే ఉన్నది.”

అటు నుంచి ఏసీ హోరు ఒక్కటే వినిపించింది. తర్వాత అతని గొంతు మారింది.

“కాపీ, అన్నా. ఏస్తున్న.”

ఫోన్ పెట్టేశాను. అక్క నా వైపు మొహం తిప్పి కూర్చుంది. కొంగు భుజం చుట్టూ లాక్కుని, గడ్డం కింద బిగించి పట్టుకుంది.

“వేశారా?”

“వేసిండ్రు అక్కా.”

“చప్పుడు వినపడిందా నీకు?”

“వినపడింది,” అన్నాను.

ఆ పూట ఆవిడకు చెప్పిన మాటల్లో అది అబద్ధం కాదు. కింద నుంచి మెడదాకా, మా నాయన ముడి పట్టుకుని, ఎవరూ లేని కాలరు మీదికి. ఆ చప్పుడు నాకు రోజూ వినపడుతుంది.